చిన్నప్పటి బాప్తిస్మం చెల్లుతుందా? బైబిల్ చదివి తేల్చుకునే పద్ధతి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: "జయపురంలో లూథరన్ కుటుంబంలో పుట్టాను. నెలల పిల్లగా ఉండగానే బాప్తిస్మం ఇచ్చారు. పెళ్లయి పర్లాకిమిడి వచ్చాను, చిన్న పాప ఉంది. ఇక్కడి సంఘంలో పెద్దయ్యాక, నీళ్లలో ముంచి ఇచ్చిందే బాప్తిస్మం. నాది చెల్లదు, మళ్లీ తీసుకోమని అత్తగారు పట్టుబడుతున్నారు. అలా తీసుకోవడమే తప్పని మా నాన్నగారు. ఇద్దరూ వచనాలే చూపిస్తున్నారు. బైబిల్ చదివి నేనే తేల్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నా చదువు ఒడియా మీడియం. తెలుగు సండేస్కూల్లో నేర్చుకున్నదే, చదవడం నెమ్మది."

సిస్టర్, తీసుకోమనీ చెప్పను, వద్దనీ చెప్పను. అది చెప్పేవాళ్లు మీకు ఇప్పటికే ఇద్దరున్నారు. తేల్చుకునే పద్ధతి మాత్రం వివరంగా రాస్తాను.

మీ రెండిళ్ల మధ్య తేడా ఎక్కడ పుట్టిందో ముందు చూడండి. కోరాపుట్, జయపురం వైపు 1882లో వచ్చింది జర్మనీ నుంచి బ్రెక్లుమ్ మిషను వాళ్లు, లూథరన్లు. పర్లాకిమిడి, టెక్కలి వైపు పనిచేసింది కెనడా బాప్టిస్టులు. మీ తాతగారి ఊరు ఘాటీకి ఇటు ఉండి ఉంటే మీ నాన్నగారు ఈరోజు మీ అత్తగారి మాటే మాట్లాడేవారేమో. అంటే మీ నమ్మకంలో కొంత వాటా బైబిల్‌ది, కొంత వాటా ఏ దొర ఏ ఊళ్లో బంగళా కట్టాడన్నదానిది. అత్తగారి నమ్మకమూ అంతే. ఆ రెండు వాటాలనీ విడదీయడమే మీ ముందున్న పని. ఇలా పరీక్షించడం అవిశ్వాసం కాదా అని ఎవరైనా అంటే అపొస్తలుల కార్యములు 17:11 చూపించండి. బెరయవాళ్లు పౌలు చెప్పిందే అలాగ ఉందో లేదో అని లేఖనాలు తిరగేశారు. ఆ పుస్తకం రాసిన లూకా వాళ్లని తిట్టలేదు, ఘనులన్నాడు.

ఇప్పుడు ప్రశ్నని విడగొట్టండి. "నా బాప్తిస్మం చెల్లుతుందా" అన్నది ఒక్క ప్రశ్నలా కనిపిస్తుంది గాని అందులో నాలుగున్నాయి. పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వొచ్చా? నీళ్లు ఎలా వాడాలి, ముంచాలా, పోసినా సరిపోతుందా? ఒకసారి తీసుకున్నవాళ్లు మళ్లీ తీసుకోవచ్చా? ఈ సంఘంలో సభ్యత్వం, ప్రభుబల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారం) కావాలంటే ఏం చేయాలి? ఇళ్లలో గొడవలు తెగకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. ఒకరు మొదటిదాని గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు రెండోదాని గురించి జవాబిస్తారు. నాలుగోది అసలు బైబిల్ ప్రశ్న కాదు, ఆ సంఘం నియమావళి ప్రశ్న. దాన్ని సంఘ పెద్దల్ని అడిగి తెలుసుకోవాలి తప్ప రోమా పత్రికలో వెతికితే దొరకదు.

ఒక పొడుగు నోట్‌బుక్ తీసుకోండి. ఒక్కో ప్రశ్నకి పది పేజీలు వదలండి. మొదటి పేజీలో రెండు పక్షాల మాటా రాయాలి, అదీ ఎవరి మాట వాళ్లు ఒప్పుకునేలా. "వాళ్లు నీళ్లు చిలకరించి సరిపెట్టేస్తారు" అని రాస్తే మీ నాన్నగారు ఒప్పుకోరు. అందుకని మీ పుట్టింటివాళ్ల మాట లూథర్ చిన్న కేటకిజంలోంచి తీసుకోండి. 1529 నాటిది, బాప్తిస్మం మీద నాలుగు చిన్న ప్రశ్నలు, జవాబులు ఉంటాయి. కన్ఫర్మేషన్ క్లాసులో మీరు వల్లించే ఉంటారు. అత్తింటివాళ్ల మాటకి అక్కడి పాస్టరుగారిని విశ్వాస ప్రమాణం కాగితం గాని, బాప్తిస్మం ఇచ్చేముందు అభ్యర్థుల్ని అడిగే ప్రశ్నల పట్టీ గాని అడగండి. అత్తగారి నోటి మాటని ఆ సంఘం బోధ అనుకోవద్దు. అలాగే నాన్నగారి మాటే లూథరన్ బోధ అనుకోవద్దు. చాలాసార్లు రెండూ ఒకటి కావు.

రెండో పేజీ మీ ఒక్కరికే. ఏ జవాబు వస్తే మీకు సుఖమో, ఏది వస్తే ఇబ్బందో నిజాయితీగా రాసి పెట్టుకోండి. నాన్నగారి మనసు నొచ్చుకోవడం, అత్తగారి ముందు తగ్గాల్సి రావడం, లేదా ఈ గొడవ ఒక మునకతో వదిలిపోతుందన్న ఆశ, ఏదైనా సరే. అది రాయకపోతే ఆ కోరికే మీకు తెలియకుండా వచనాలు ఏరుతుంది. దాని కింద ఇంకో వాక్యం: "ఫలానాది బైబిల్లో కనిపిస్తే నా అభిప్రాయం మార్చుకుంటాను." ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే మీరు వెతుకుతున్నది జవాబు కాదు, వాదించడానికి సామాను.

ఏ బైబిల్? ఇంట్లో ఉన్న బైబిల్ సొసైటీ పాత అనువాదం చాలు, అయితే ఒక్కటే కాదు. దాని భాష గ్రాంథికం. సండేస్కూల్ తెలుగుతో అధ్యాయాలకి అధ్యాయాలు చదివితే పదో నిమిషంలో కళ్లు పరిగెడతాయి గాని బుర్ర ఆగిపోతుంది. వరసగా చదవడానికి వాడుక భాషలో వచ్చిన అనువాదం ఏదైనా ఫోన్‌లో పెట్టుకోండి. ఒక్కో మాట ఆగి చూడాల్సి వచ్చినప్పుడు పాత అనువాదం, దాని పక్కన మీ ఒడియా బైబిల్. రెండు భాషలు చదవగలగడం మీకున్న పెద్ద సదుపాయం, విశాఖలో ఉన్నవాళ్లకి అది లేదు. తెలుగులో ఒకలా, ఒడియాలో ఇంకోలా అనిపించిన వచనం పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టండి. వాదనలు పుట్టే చోట్లు చాలావరకు అవే. అయితే రెండూ ఒకే మాట చెప్పినంత మాత్రాన రుజువైపోయినట్టు కాదు. ఒడియా కొత్త నిబంధన 1809లో, తెలుగులో మొదటి మూడు సువార్తలు 1812లో, రెండూ బెంగాల్లోని శ్రీరాంపురం అచ్చుకూటంలోనే అచ్చయ్యాయి. తర్వాత ఎన్నో దిద్దుబాట్లు జరిగినా రెండు భాషల్లోనూ మొదట పనిచేసింది దాదాపు ఒకే తరహా ప్రొటెస్టెంటు మిషనరీలు.

అచ్చు బైబిల్లో రాసినవాళ్లు రాయనివి కొన్ని ఉంటాయి. అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో వచ్చింది. కొత్త నిబంధనకి ఇప్పుడున్న వచన సంఖ్యలు 1551లో పారిస్ ముద్రాపకుడు రొబేర్ ఎస్తియెన్ పెట్టినవి. మధ్యలో బొద్దు అక్షరాల శీర్షికలు ప్రచురణకర్తలవి. శీర్షికని వేలితో మూసి చదవడం అలవాటు చేసుకోండి. ఒక పేరా మీద "ఇంటిల్లిపాది బాప్తిస్మం" అని ముందే చూసేస్తే కింద ఏముందో చూడకముందే మనసులో తీర్పు అయిపోతుంది.

బాప్తిస్మంతో మొదలుపెట్టకండి. అది వేడిగా ఉన్న విషయం. ముందు మీకు లాభనష్టాలు లేని నమ్మకం ఒకటి తీసుకుని చేయి తిప్పుకోవాలి. ఒక తేలికైనది: క్రిస్మస్ నాటకంలో జ్ఞానులు ముగ్గురు, పశువుల పాకలోకి వస్తారు. మత్తయి 2 చదవండి. ఎంతమందో లేదు, కానుకలే మూడు. వచ్చింది "ఇంటి"లోకి, 11వ వచనం. తొట్టి, గొర్రెల కాపరులు లూకా 2లోవి. పది నిమిషాల్లో అయిపోతుంది.

కొంచెం లోతైనది యోబు 8:7. మన వైపు కొత్త దుకాణం ప్రారంభమైతే గోడకి ఎక్కే మొదటి వచనం అదే: మొదట కొద్దిగా ఉన్నా తుదకు మహాభివృద్ధి పొందుతావు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీస్తే ఎవరో ఒకరికి అది వచ్చి తీరుతుంది. ఇప్పుడు 8వ అధ్యాయం మొదటి నుంచి చదవండి. మాట్లాడుతున్నది దేవుడు కాదు, యోబు స్నేహితుల్లో ఒకడైన బిల్దదు. నాలుగో వచనంలో అతను యోబుతో ఏమంటున్నాడంటే, నీ పిల్లలు పాపం చేశారేమో, అందుకే పోయారేమోనని. బిడ్డల్ని పోగొట్టుకున్న తండ్రి మొహం మీద! ఏడో వచనం ఆ ప్రసంగంలో భాగమే, నువ్వు పవిత్రుడివైతే ఇలా జరుగుతుందన్న షరతుతో. చివర్లో 42:7లో ఇంకో స్నేహితుడు ఎలీఫజుతో, నువ్వూ నీ ఇద్దరు స్నేహితులూ నా గురించి యుక్తమైనది పలకలేదని దేవుడే అంటాడు. ఇక్కడితో ఆపేసి, దుకాణాల్లో అందరూ తప్పు వచనం పెట్టుకున్నారని నవ్వుకోవడం తేలిక. అదే అధ్యాయంలో 12వ వచనం కూడా చదవాలి. యోబు చివరి రోజులు మొదటి రోజులకన్నా ఎక్కువగా ఆశీర్వదించబడ్డాయని అక్కడ కథ చెబుతున్నవాడే రాశాడు. అంటే బిల్దదు మాట యోబు విషయంలో జరిగింది, కానీ బిల్దదు చెప్పిన కారణంతో కాదు. చదివే ప్రతివాడికీ ఇచ్చిన హామీగానూ కాదు. మీరు నేర్చుకోవాల్సింది ఈ మూడు ప్రశ్నలు వేయడం: ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, పుస్తకం ఆ మాటని చివరికి ఒప్పుకుందా లేదా. వచనం బైబిల్లో ఉండటం వేరు, అది బైబిల్ చెప్పే మాట కావడం వేరు.

ఇలాంటివి రెండు మూడు ఒక వారం చేశాక అసలు పనికి రండి.

అపొస్తలుల కార్యములు మొత్తం చదవాలి. 28 అధ్యాయాలు. పాప నిద్రపోయాక రాత్రికి రెండు అధ్యాయాలైతే 14 రాత్రులు. బాప్తిస్మం మాట ఉన్న వచనాలు మాత్రమే ఏరుకుని చదివితే రెండు గంటల్లో అయిపోతుంది, కానీ లాభం ఉండదు. ఎవరికి ఇచ్చారు, ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అన్నవి పక్క పేరాల్లో ఉంటాయి. బాప్తిస్మం కనపడ్డ ప్రతిచోటా నోట్‌బుక్‌లో ఒక వరస: వచనం, ఎవరు, ముందు ఏం చేశారు, నీళ్ల గురించి ఏం రాసి ఉంది. చివరి గడిలో ఒక్క అక్షరం. స్పష్టంగా రాసి ఉంటే "ర". రాసినదాన్నిబట్టి ఊహించుకుంటున్నదైతే "ఊ". అక్కడ లేదు, మన సంఘంలో అలవాటు గనక ఉందనిపిస్తోంది అంటే "అ". ఈ మూడక్షరాలు కలిసిపోవడమే ఇలాంటి అధ్యయనాలు చెడిపోవడానికి ముఖ్య కారణం.

2వ అధ్యాయంలో 38, 39 మీ నాన్నగారు చూపించే ఉంటారు, వాగ్దానం మీకూ మీ పిల్లలకూ అని. అలా రాసి ఉంది, "ర". ఆ పిల్లలకి అప్పుడే బాప్తిస్మం ఇచ్చారని మాత్రం లేదు, అది "ఊ". 41లో వాక్యం అంగీకరించినవాళ్లు బాప్తిస్మం పొందారని ఉంది, అది అత్తగారి వచనం, "ర". దాన్నిబట్టి అంగీకరించే వయసు రానివాళ్లకి ఇవ్వనే ఇవ్వలేదని తేల్చడం మళ్లీ "ఊ". చూశారా, ఒకే పేరాలో ఇద్దరికీ చెరొకటి వచ్చింది.

ఇంటివారందరికీ బాప్తిస్మం అన్న సందర్భాల దగ్గర నెమ్మదిగా వెళ్లండి, గొడవంతా అక్కడే. లూదియ, 16:14, 15: ప్రభువు ఆమె హృదయం తెరిచాడు, ఆమె, ఆమె ఇంటివారు బాప్తిస్మం పొందారు. ఇంటివారు నమ్మారని లేదు. ఇంట్లో పసివాళ్లున్నారని కూడా లేదు. భర్త ప్రస్తావనే లేదు. చెరసాల నాయకుడు, 16:32 నుంచి 34: ఇంట్లో ఉన్నవాళ్లందరికీ వాక్యం చెప్పారు, అతనూ అతని వాళ్లూ వెంటనే బాప్తిస్మం పొందారు. 34లో నమ్మింది అతనొక్కడేనా ఇంటిల్లిపాదీనా అన్నది అనువాదాన్ని బట్టి మారుతుంది, తెలుగు, ఒడియా పక్కపక్కన పెట్టి చూడండి. క్రిస్పు, 18:8: ఇంటివారందరితో నమ్మాడని స్పష్టంగా ఉంది. కొర్నేలీ ఇంట్లో, 10:44 నుంచి 48: వాక్యం విన్నవాళ్లందరి మీద ఆత్మ దిగాక బాప్తిస్మం. స్తెఫను ఇంటివారు 1 కొరింథీ 1:16లో ఉన్నారు. వాళ్ల గురించి అదే పత్రిక 16:15లో, పరిశుద్ధులకి పరిచర్య చేయడానికి తమని తాము అప్పగించుకున్నారని ఉంది. అలాంటి పని పసిబిడ్డలు చేయరని బాప్టిస్టులంటారు. ఇల్లంటే ఆ కాలంలో పిల్లలు, దాసులు అందరూ కదా అని లూథరన్లంటారు. రెండూ తెలివైన ఊహలే. ఊహలు మాత్రమే.

పట్టిక పూర్తయ్యాక ఒక లెక్క తేలుతుంది, ఇద్దరికీ నచ్చదు. పసిబిడ్డకి బాప్తిస్మం ఇచ్చారని పేరు పెట్టి చెప్పిన సందర్భం కొత్త నిబంధనలో ఒక్కటీ లేదు. విశ్వాసుల ఇంట పుట్టిన బిడ్డని పెరిగేదాకా ఆపి అప్పుడు ఇచ్చారన్న సందర్భం కూడా ఒక్కటీ లేదు. అందులో కనిపించేవాళ్లు దాదాపు అందరూ మొదటి తరంవాళ్లు. మీ ప్రశ్న రెండో తరం ప్రశ్న. అందుకే వచనాల యుద్ధంలో ఇద్దరూ గెలుస్తున్నట్టే ఉంటుంది, ఎవరూ గెలవరు.

రెండో ప్రశ్న, నీళ్లు. కార్యములు 8:38, 39లో ఫిలిప్పు దగ్గర బాప్తిస్మం పొందిన ఐతియొపీయ నపుంసకుడు నీళ్లలోకి దిగాడు, పైకి వచ్చాడు. ఇది ముంచడానికి రుజువని అంటారు. వచనం మళ్లీ చూడండి: ఫిలిప్పు కూడా దిగాడు, ఇద్దరూ వచ్చారు. దిగడమే మునగడమైతే ఫిలిప్పు కూడా మునిగినట్టు. కాబట్టి "ఊ". యోహాను 3:23లో నీళ్లు విస్తారంగా ఉన్నాయి గనక బాప్తిస్మమిచ్చే యోహాను అక్కడ ఇచ్చేవాడన్నది ముంచే పక్షానికి బలం. రోమా 6:3, 4లో పాతిపెట్టబడటం అన్న పోలిక ఇంకా బలం. ఇక్కడ చిన్న విశేషం ఉంది. చిన్న కేటకిజంలో లూథర్ బాప్తిస్మాన్ని వివరించడానికి వాడుకున్నది ఈ రోమా 6:4నే, పాత ఆదామును, అంటే మనలోని పాప స్వభావాన్ని, ముంచి చంపాలని అంటాడు. అంటే మీ నాన్నగారి పక్షం ముంచడాన్ని తప్పనదు, ముంచకపోయినా చెల్లుతుందని అంటుంది. ఇది రెండిళ్లవాళ్లకీ చెప్పి చూడండి, సగం వేడి తగ్గుతుంది. పోసినా చాలనేవాళ్లు ఆత్మని "కుమ్మరించడం" కార్యములు 1:5లో బాప్తిస్మం అనబడిందని 2:17, 10:45 చూపిస్తారు. అది కూడా రాసుకోండి.

మూడో ప్రశ్నకి నేరుగా తగిలే చోటు ఒక్కటే, కార్యములు 19:1 నుంచి 7. ఎఫెసులో దాదాపు పన్నెండుమంది. అంతకుముందు యోహాను బాప్తిస్మం, అంటే బాప్తిస్మమిచ్చే యోహాను నేర్పింది, పొందినవాళ్లు, ఇప్పుడు ప్రభువైన యేసు నామంలో మళ్లీ పొందారు. మళ్లీ తీసుకోవడానికి ఇదే ఉదాహరణ అని అత్తగారి పక్షం. అక్కడ లోపం వయసుదీ కాదు, నీళ్లదీ కాదు, అసలది యేసు నామంలో ఇచ్చిందే కాదని నాన్నగారి పక్షం. ఇద్దరూ వదిలేసేది సరిగ్గా పై పేరాలో ఉంది, 18:24 నుంచి 28. అపొల్లో అనే బోధకుడికి కూడా యోహాను బాప్తిస్మమే తెలుసు. ప్రిస్కిల్ల, అకుల అతన్ని చేర్చుకుని ఇంకా సరిగ్గా వివరించారు. అతనికి మళ్లీ బాప్తిస్మం ఇచ్చారని లేదు. ఇవ్వలేదని కూడా లేదు. అధ్యాయం గీత మధ్యలో పడటం వల్ల ఈ రెండు సంఘటనలూ పక్కపక్కనే ఉన్నాయని చాలామందికి తోచదు. దీనికి తోడు ఎఫెసీ 4:5లో బాప్తిస్మం ఒక్కటే అన్న మాట. అది మళ్లీ తీసుకోవద్దన్నదానికి చూపిస్తారు. పేరా చదివితే అక్కడి విషయం సంఘం ఐక్యత. అన్వయించుకోవచ్చు, నేరుగా చెప్పిన ఆజ్ఞ మాత్రం కాదు.

ఆ తర్వాత పత్రికలు. రోమా 6, గలతీ 3, కొలొస్స 2, 1 పేతురు 3, 1 కొరింథీ 1. ప్రతిదాన్లోనూ కనీసం ఆ అధ్యాయం మొత్తం చదవండి. కొలొస్స 2:11, 12 మీద ఎక్కువసేపు ఆగాలి. సున్నతిని, బాప్తిస్మాన్ని పక్కపక్కన పెట్టింది అక్కడే. సున్నతి ఎనిమిదో రోజున కదా, అలాగే ఇదీ అని ఒక పక్షం. 12లోనే "విశ్వాసం ద్వారా" అని ఉంది కదా అని రెండో పక్షం. మార్కు 10:13 నుంచి 16, యేసు చిన్నపిల్లల్ని ఎత్తుకున్న సందర్భం, బాప్తిస్మం ఆరాధనల్లో చదువుతారు. అక్కడ నీళ్ల ఊసు లేదు, పేజీలో "అ" వేయండి. పిల్లలు దేవుని రాజ్యానికి బయటివాళ్లు కారన్నది మాత్రం "ర", అది కొట్టేయకూడదు.

రెండు వచనాల మీద పూర్తి బరువు వేయకండి. మార్కు 16:16, నమ్మి బాప్తిస్మం పొందినవాడు రక్షింపబడతాడన్నది. మార్కు 16:9 నుంచి 20 దాకా ఉన్న భాగం నాలుగో శతాబ్దం నాటి రెండు ముఖ్యమైన ప్రతుల్లో, సినాయి, వాటికన్ ప్రతుల్లో, లేదు. రెండోది కార్యములు 8:37, పూర్ణహృదయంతో నమ్మితే పొందవచ్చన్న మాట. అది కూడా పాత ప్రతుల్లో లేదు. మీ బైబిల్లో 36 తర్వాత ఏ అంకె ఉందో, అడుగున చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి. ఈ రెండూ ఎక్కువగా అత్తగారి పక్షం వాడేవే, కానీ ఇవి లేకపోయినా ఆ పక్షం వాదన కూలిపోదు. 2:41, 8:12, 18:8 ఉన్నాయి.

ఇంకో తేడా కూడా గమనించండి. కార్యములు జరిగినవి చెప్పే పుస్తకం. జరిగిందని చెప్పడం, మీరూ ఇలాగే చేయండని చెప్పడం ఒకటి కావు. ఫలానాచోట వెంటనే ఆ రాత్రే ఇచ్చారు గనక ఇప్పుడూ వెంటనే ఇవ్వాలని ఏ పక్షమూ అనదు. రెండు సంఘాల్లోనూ క్లాసులు పెడతారు కదా. ఏ సంఘటనని ఆజ్ఞగా తీసుకుంటున్నారో, దేన్ని వదిలేస్తున్నారో, ఎందుకో, రెండు పక్షాల్నీ అడగాల్సిన ప్రశ్న అది.

పని పాడయ్యే దారులు నాకు తెలిసినంతలో ఇవి. రిఫరెన్స్ బైబిల్లో సంబంధమున్న వచనాల అంకెలు ఇచ్చే మధ్య గడి పట్టుకుని ఒక వచనం నుంచి ఇంకో వచనానికి దూకుతూ పోవడం. ఆ గొలుసు ఎవరో ఒకరు తమ నమ్మకం ప్రకారం కట్టింది, దాన్ని పట్టుకు వెళ్తే వాళ్లు చేరిన చోటికే చేరతారు. కన్కార్డెన్సు, అంటే ఏ మాట ఏయే వచనాల్లో ఉందో చూపే పట్టీ, చదవడం అయ్యాక వాడాలి, ఏదైనా వదిలేశామా అని సరిచూడటానికి. వీడియో ప్రసంగాలు పట్టిక పూర్తయ్యేదాకా పూర్తిగా మానేయండి. అవి చూశాక మీ కళ్లతో చదవడం కష్టం. గ్రీకు మాటకి అసలు అర్థం ఫలానా అని ఒక్క వాక్యంలో తేల్చేసేవాళ్లకి దూరంగా ఉండండి. వాళ్లలో చాలామందికి ఆ భాష రాదు, వచ్చినవాళ్లు అంత తొందరగా తేల్చరు. ప్రార్థన చేసి కళ్లు మూసుకుని వేలు పెట్టిన చోట జవాబు వెతకడం మన ఇళ్లలో బాగా ఉంది. ప్రార్థన చేయండి, వేలు పెట్టకండి. మీకిష్టమైన కీర్తనని కూడా అనుమానించాలి. మనకి కంఠతా వచ్చిన సిద్ధాంతంలో చాలాభాగం పాటల్లోంచి వచ్చిందే. ఆ పాట ఏ వచనం మీద కట్టారో వెతికితే కొన్నిసార్లు దొరుకుతుంది, కొన్నిసార్లు దొరకదు.

బైబిల్ అయ్యాక, ముందు కాదు, చరిత్ర కొంచెం చూడండి. మొదటి శతాబ్దం చివర లేదా రెండో శతాబ్దం మొదట్లో రాసిన దిదకే అనే చిన్న బోధ పుస్తకం ఏడో అధ్యాయంలో, పారే నీళ్లలో ఇవ్వండి, లేకపోతే వేరే నీళ్లలో, అవీ చాలకపోతే తల మీద మూడుసార్లు పోయండి అని ఉంది. రెండో ప్రశ్నకి ఇది బాగా పనికొస్తుంది. దాదాపు 200 ప్రాంతంలో కార్తేజీలో టెర్తుల్లియను, చిన్నపిల్లల బాప్తిస్మాన్ని వాయిదా వేయడం మంచిదని రాశాడు. అంటే అప్పటికి పిల్లలకి ఇస్తున్నారు, దాన్ని వద్దనేవాళ్లూ ఉన్నారు. 1525 జనవరిలో జ్యూరిచ్‌లో కొందరు చిన్నప్పటి బాప్తిస్మం చెల్లదని మళ్లీ తీసుకున్నారు. మీ ఇంటి గొడవ అప్పుడే వీధికెక్కింది. చరిత్ర బైబిల్‌తో సమానం కాదు, రెండు పక్షాల్లోనూ. కానీ "మొదటి నుంచీ అందరూ ఇలాగే చేశారు" అని ఎవరైనా అంటే ఆ మాట నిలబడదని దీనివల్ల తెలుస్తుంది.

చివర్లో పాస్టర్లని కలవండి, ఇద్దర్నీ. ముందే కాగితం మీద మూడు ప్రశ్నలకి మించకుండా రాసుకుని వెళ్లండి. "నాది చెల్లుతుందా అయ్యగారూ" అని అడిగితే వాళ్ల సంఘం జవాబే వస్తుంది, అది మీకు తెలిసిందే. బదులుగా లూథరన్ పాస్టరుగారిని కార్యములు 2:41, 8:12 మీద, ఇక్కడి పాస్టరుగారిని 16:15, అపొల్లో సంగతి మీద అడగండి. అంటే ఎవరికి కష్టమైన చోటు వాళ్లని. కోపం లేకుండా ఆ చోటు దగ్గర ఆగి మాట్లాడిన పాస్టరు మాటకి, రెండో ప్రశ్నకే గొంతు పెంచిన పాస్టరు మాటకన్నా ఎక్కువ విలువివ్వొచ్చు, ఏ సంఘంవాడైనా సరే. నాలుగో ప్రశ్న కూడా అప్పుడే అడిగేయండి: మళ్లీ తీసుకోకుండా సభ్యత్వం ఇస్తారా, బల్ల ఇస్తారా, పిల్లని ఏం చేస్తారు. నియమం ఏదైతే అది తెలుస్తుంది. నియమానికి లోబడటం, చిన్నప్పటిది చెల్లదని ఒప్పుకోవడం రెండూ ఒకటేనా కాదా అని కూడా అడగండి. కొన్ని సంఘాల్లో ఒకటే అంటారు, కొన్నింటిలో కాదంటారు. మీ నిర్ణయం దాన్ని బట్టి మారవచ్చు.

మొత్తం పనికి వార్మప్ ఒక వారం, కార్యములు రెండు వారాలు, సువార్తలు, పత్రికలు రెండు వారాలు, పాస్టర్లు, చరిత్ర ఇంకో వారం పదిరోజులు. ఈలోగా భోజనాల దగ్గర ఈ మాట ఎత్తకండి. సగం పట్టికతో వాదిస్తే ఆ వాదనలో అన్న మాటకి కట్టుబడిపోతారు, మిగతా సగం నిజాయితీగా నింపలేరు. అత్తగారు అడిగితే "చదువుతున్నానత్తయ్యా, రెండు నెలలు గడువివ్వండి, అయ్యాక మీతో కూర్చుంటాను" అనండి. వీలైతే ఆవిడ్నే ఒక రాత్రి 18వ అధ్యాయం చివర, 19వ అధ్యాయం మొదలు పైకి చదివి వినిపించమనండి. మీకు తెలుగు చదవడం నెమ్మది అన్నారు కదా, ఆ సాకు నిజమైనదే.